మానునంటి బతికే గొల్లభామ

గొల్లభామ అనగానే పచ్చని దేహమూ, సన్నని పొడవాటి మెడా, ముందు కాళ్లు ముడుచుకొని ఆకుల నడుమ గంటల తరబడి కదలకుండా కాచుకొనే భంగిమా స్ఫురించడం సహజం. పాఠ్యపుస్తకాల బొమ్మలూ పొలంబడుల గోడపత్రికలూ చూపేది ఆ ఒక్క రూపాన్నే. ఆ రూపంతో ఏ పోలికా లేని చిన్న గొల్లభామలు కొన్ని ఆకులనూ గడ్డినీ పూర్తిగా వదిలేసి, ముదురు చెట్ల బెరడునే ఇల్లుగా, వేటస్థలంగా చేసుకొని బతుకుతున్నాయి. హంబర్టియెల్లా అనే ప్రజాతికి, అంటే దగ్గరి పోలికలున్న కొన్ని జాతుల సమూహానికి, చెందిన ఈ బెరడు గొల్లభామలు దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ విస్తరించి ఉన్నాయి. ఈ ప్రజాతికి 1869లో పేరు పెట్టిన స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు హెన్రీ డి సొస్యూర్, శ్రీలంకలో జీవులను సేకరించిన తన దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు అలోయిస్ హంబర్ట్ పేరును దానికి ఇచ్చాడు.

ఇటువంటి పురుగుకు కావలసిన నెలవులు తెలంగాణలోని పాత పాలమూరు జిల్లా దక్షిణ భాగంలో, అంటే 2016 అక్టోబరు 11న విడివిడి జిల్లాలైన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, రెండు విధాలుగా ఉన్నాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ, తెలంగాణలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఒకటి. అక్కడ అడవి దాదాపు లేదు. పొలం గట్ల మీది వేపలు, చెరువు కట్టల మీది తుమ్మలు, ఊరి చింతలు, బాటల వెంట కానుగలే ముదురు మానులు. తూర్పున నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మాత్రం నల్లమద్ది, చిరుమాను, ఏగిస, ఇప్ప వంటి ఆకురాల్చే చెట్లు ఎడతెగకుండా పరచుకొని ఉన్నాయి. వేసవిలో ఆకులన్నీ రాలిపోయి పచ్చని పురుగులు దాక్కోవడానికి చోటు కరువయ్యే ఈ అడవిలో, బెరడు మాత్రం పన్నెండు నెలలూ ఉండే ఆశ్రయం.

ఆ ఆశ్రయానికి తగినట్లే బెరడు గొల్లభామ దేహమంతా మలచబడింది. పెద్ద పురుగైనా ఇంచుమించు మూడు సెంటీమీటర్లకు మించని ఈ జీవి బల్లపరుపుగా ఉండి, కాళ్లను పక్కలకు చాచి మానుకు అతుక్కుపోతుంది కనుక, దాని కింద నీడ పడదు. నీడ పడకపోతే బల్లికీ పిట్టకూ ఆకారం పట్టుబడదు. సాధారణ గొల్లభామలో మెడలా కనిపించే పొడవైన వక్షభాగం దీనిలో పొట్టిగా, వెడల్పుగా కుదించుకుపోయింది. గోధుమ, బూడిద, నలుపు రంగుల మచ్చలు బెరడు పగుళ్లతో కలిసిపోతాయి. మొదటిసారి చూసినవారు దీనిని చిన్న బొద్దింకగా పొరబడితే తప్పుపట్టనక్కరలేదు. గొల్లభామలు, బొద్దింకలు, చెదపురుగులు నిజంగానే ఒకే వంశవృక్షపు కొమ్మలని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

వేట పద్ధతి కూడా వేరు. ఆకుల మీది గొల్లభామ ఎర దగ్గరికి వచ్చేదాకా ఓర్చుకుంటే, బెరడు గొల్లభామ తరచు తలకిందులుగా నిలిచి, చీమో చిన్న ఈగో కదలగానే దాని వెంట పరుగెత్తి పట్టుకుంటుంది. ఆ పట్టుకునే సాధనం మాత్రం గొల్లభామలన్నిటికీ ఉమ్మడిదే: ముందు కాలి తొడ భాగానికీ పిక్క భాగానికీ ఎదురెదురుగా ముళ్లు ఉండి, ఆ రెండూ అడకత్తెరలా మూసుకోవడంతో, చిక్కిన పురుగు తప్పించుకోవడం అరుదు. ప్రమాదం ఎదురైతే ఇది ఎగరడానికి తొందరపడదు. మాను చుట్టూ తిరిగి అవతలి వైపుకు చేరుతుంది, మనిషి అటు వెళితే మళ్లీ ఇటు వస్తుంది.

ఇంత వేగంగా పరుగెత్తే వేటగాడికి దూరాన్ని అంచనా వేసే చూపు తప్పనిసరి. రెండు కళ్లలో పడే బొమ్మల తేడాను బట్టి గొల్లభామలు దూరాన్ని గ్రహిస్తాయని, అంటే మనిషికున్నటువంటి త్రిమితీయ దృష్టి వాటికీ ఉన్నదని, 1983లో శామ్యూల్ రోసెల్ పట్టకాలతో నిరూపించాడు. ఆ తరువాత ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో జెన్నీ రీడ్, వివేక్ నిత్యానంద ప్రభృతులు ఆఫ్రికా గొల్లభామలకు నీలి, ఆకుపచ్చ రంగుల చిన్న అద్దాలను తేనెమైనంతో అతికించి, తెర మీద బొమ్మలు చూపించారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, గొల్లభామ రెండు కళ్లలోని నిశ్చల దృశ్యాలను పోల్చదు, ఎక్కడ మార్పు జరుగుతున్నదో దానినే పోల్చుతుంది. కదలని పురుగు గొల్లభామ ఎదుటే ఉన్నా తరచు బతికిపోవడానికి కారణం ఈ లెక్కలో కొంతవరకు దొరుకుతుంది. ఆ ప్రయోగాలు వేరే జాతి మీద జరిగినవే అయినా, చూపు మీద ఆధారపడి పరుగెత్తి వేటాడే బెరడు గొల్లభామకు అవి కొంతవరకు వర్తిస్తాయని ఊహించవచ్చు.

చెవి సంగతి మరీ విచిత్రం. చాలా గొల్లభామలకు చెవి ఒక్కటే, అదీ వెనుక కాళ్ల నడుమ, దేహం అడుగున ఉంటుందని డేవిడ్ యేగర్, రొనాల్డ్ హోయ్ 1986లో ప్రకటించారు. మనిషికి వినబడని అతిధ్వనులను, అంటే గబ్బిలాలు చీకట్లో ఎరను వెతకడానికి చేసే కూతలను, ఆ చెవి పసిగడుతుంది; రాత్రివేళ ఎగిరే పురుగు ఆ కూత సోకగానే దారి మళ్లించి కిందికి దూకుతుంది.

ఆడ గొల్లభామ కలయికలోనే మగదాని తల కొరికి తింటుందన్న మాట అవసరానికి మించి ప్రచారమైంది. తల పోయినా మగ పురుగు దేహం కలయికను కొనసాగించగలదని 1935లో కెన్నెత్ రోడర్ చూపిన మాట వాస్తవమే. అయితే 1980లలో లిస్కే, డేవిస్ కడుపునిండా మేపిన పురుగులను ఆటంకం లేకుండా గమనించినప్పుడు అటువంటి హత్యలు కనబడలేదు. ఆకలి, బంధనం, పరిశీలకుల చొరవ ఈ కథలో ఎంత పాత్ర వహించాయో దీనిని బట్టి తెలుస్తుంది.

గుడ్లను ఆడ పురుగు విడిగా పెట్టదు. పొట్ట చివరి గ్రంథుల నుంచి వచ్చే నురగలో వరుసలుగా అమర్చుతుంది. ఆ నురగ గట్టిపడి గుడ్ల గూడు అవుతుంది. అందులోంచి వచ్చే పిల్లలు తల్లి రూపంతోనే పుట్టి, మధ్యలో పట్టుకాయ దశ ఏదీ లేకుండా, కుబుసాలు విడుస్తూ పెరుగుతాయి. గూడు గట్టిదే గాని శత్రువు అంతకన్నా నేర్పరి: పొడగ్రియాన్ అనే చిన్న కందిరీగ, పొడవాటి గుడ్లనాళాన్ని నురగలోకి గుచ్చి గొల్లభామ గుడ్లలోనే తన సంతానాన్ని పెంచుతుంది. మాంటిబేరియా అనే మరో కందిరీగ ఆడ గొల్లభామ దేహం మీదికెక్కి, రెక్కలు రాల్చుకొని, అది గుడ్లు పెట్టేదాకా ప్రయాణం చేస్తుంది.

వ్యవసాయ శాఖ పుస్తకాలు గొల్లభామను మిత్ర పురుగుల జాబితాలో చేర్చాయి. ఆ బిరుదు కొంత ఉదారమైనదే, ఎందుకంటే గొల్లభామ పురుగును పట్టేముందు అది పంటకు హాని చేసేదా, మేలు చేసేదా అని చూడదు. తేనెటీగ చిక్కినా తింటుంది. బెరడు గొల్లభామ విషయంలో గమనించవలసింది ఇంతకన్నా నిర్దిష్టమైనది. మామిడికి పేరుపడ్డ నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ తోటలలో పూతను పాడుచేసే తేనెమంచు పురుగులు, పూత లేని నెలల్లో మాను బెరడు పగుళ్లలోనే తలదాచుకుంటాయి. అందువల్ల మందును కొమ్మలతోపాటు మాను మీద కూడా కొట్టమని సిఫారసు చేస్తారు. కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే ఆ పురుగులు బెరడు గొల్లభామ నోటికి సరిపడే ఎరే. ఆ మందు మాత్రం ఎరనూ వేటగాడినీ ఒకే పగులులో కలిపి చంపుతుంది. గద్వాల వైపు విత్తన పత్తి సాగులో పదేపదే కొట్టే మందులు గాలితో గట్టు మీది వేప మాను దాకా చేరతాయి. గట్ల మీది ముదురు చెట్టును కొట్టేసి మొక్క నాటినంత మాత్రాన లెక్క సరిపోదు, ఎందుకంటే నున్నని లేత కాండానికి పగుళ్లుండవు. అవి ఏర్పడడానికి ఏళ్లు పడుతుంది.

బెరడు గొల్లభామను చూడగోరేవారు బెరడును తేరిపార చూస్తూ నిలబడినా ఫలితం తక్కువ; కదలనంతసేపు అది కనబడదు. ఇద్దరు కలిసి, ఒకరు మానుకు ఇటు, మరొకరు అటు నిలబడి, రొమ్ము ఎత్తున అరచేతిని బెరడుకు దగ్గరగా మెల్లగా జరిపితే, ఒకరి నుంచి తప్పించుకొన్న పురుగు రెండోవారి ఎదుట తేలుతుంది. సున్నం పూసిన మానులైతే పూత దాటిన పై భాగంలో, చీమల బారులు సాగే పగుళ్ల పక్కన వెతకాలి.