పేరు ప్రక్కనున్న అక్షరములు

గోదావరి సీమలో ఇంట నొకరికి మనసు చెదరినట్లు తోచినప్పుడు తల్లిదండ్రులు తరచుగా సలహా అడుగునది బడిపంతులునే. పిల్లవాడు పాఠము వినక గోడవంక చూచుచున్నాడనియు, రాత్రులు నిద్రపోవుట లేదనియు తల్లి చెప్పును. ‘‘ఎవరికి చూపమందురు, పంతులుగారూ?’’ అను ప్రశ్నకు బదులు చెప్పవలసిన ఉపాధ్యాయుడు వైద్యుని పేరు ప్రక్కనున్న అక్షరములను చదువ నేర్చియుండవలెను.

మనోవైద్యుడు మొదట వైద్యుడు. ఎం.బి.బి.యస్. ముగించిన పిదప మనోవ్యాధి చికిత్సలో మూడేండ్లు ఎం.డి. చదువును. రెండేండ్ల డి.పి.యం. డిప్లొమా పొందినవారును అర్హులే. మనస్తత్వశాస్త్రమున ఎం.ఏ. చదివినవారు వేరు, వారు మందులు వ్రాయరాదు. శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా, పరీక్షల ద్వారా చేయు సాయము గొప్పది. దానిని చులకన చేయరాదు. కాని థైరాయిడు గ్రంథి దోషమువలన కలిగిన దిగులును, మెదడులోని కంతివలన మారిన నడవడిని గుర్తించుటకు శరీరమెరిగిన వైద్యుడే కావలెను. అన్నేండ్ల చదువు అందుకే.

మన దేశమున ఈ ప్రత్యేక విద్య అంత పాతది కాదు. జనులు పిచ్చాసుపత్రి యని పిలిచిన విశాఖపట్టణపు వైద్యాలయము పందొమ్మిదవ శతాబ్దము నాటిది. 1912 నాటి చట్టము క్రింద రోగిని చేర్చుటకు సాధారణముగా మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండెను. అది చికిత్సాలయమో, చెరసాలయో! 1954లో బెంగుళూరున అఖిలభారత మానసికారోగ్య సంస్థ వెలసిన పిదప శిక్షణకు దారి యేర్పడెను. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల నెలకొన్నది. అచ్చటి ప్రభుత్వాసుపత్రిలో నేడు మనోవైద్య విభాగము కలదు.

రాజమహేంద్రవరపు మనోవైద్యులు డాక్టరు కర్రి రామారెడ్డిగారు వైద్యేతర శాస్త్రములలోను పెక్కు పట్టములు పొంది ప్రసిద్ధులైరి. అది మెచ్చదగిన విద్యాతృష్ణ. అయినను రోగికి వానిలో ముఖ్యమైనది మనోవైద్యపు పట్టమే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవైద్యుడెవరో నిర్వచించినది. వైద్యుడు తన రిజిస్ట్రేషను సంఖ్యను క్లినిక్కులోను, మందుచీటిపైనను చూపవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధన కలదు. కావున ‘మానసిక నిపుణుడు’ అను బోర్డు మాత్రమే చూచి లోనికి పోనక్కరలేదు. సంఖ్య అడిగినచో అర్హుడైన వైద్యుడు నొచ్చుకొనడు. తడబడువాడు ఎదురైనచో ఆ తల్లిని, బిడ్డను కాకినాడ బస్సు ఎక్కించుట మేలు.