కొత్త ఇంటికి పాత పద్దు అడ్డు!

జీతం వస్తోంది. ఫ్లాటు కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. బయానా కూడా ఇచ్చేశారు. తీరా బ్యాంకుకెళ్తే ‘మీకు లోను కష్టం’ అన్నారు. ఎందుకంటే... ఎప్పుడో మరిచిపోయిన అప్పొకటి ఇంకా బతికే ఉంది! అప్పుడేం చేయాలి? ఎవరి దగ్గరికెళ్లాలి? ఎవరి దగ్గరికి అస్సలు వెళ్లకూడదు?

విజయనగరంలో ఓ మాస్టారు ఉన్నారనుకుందాం. అనుకోవడమేంటి, కంటోన్మెంటులోనో దాసన్నపేటలోనో వెతికితే ఇలాంటి మాస్టార్లు పదిమంది కనిపిస్తారు. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక చుట్టుపక్కల స్థలాల ధరలు పెరగడం చూసి, ఇంకా ఆగితే ఇల్లు కొనలేమని భయపడ్డారాయన. పాతిక లక్షలు లోను తీసుకోవచ్చన్న ధైర్యంతో 2 లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటానని అగ్రిమెంటు రాసుకున్నారు. గడువు దాటితే బయానా పోయినట్టే.

బ్యాంకులో మేనేజరు కంప్యూటర్‌లోకి చూసి, ‘మాస్టారూ, మీ స్కోరు 640 దగ్గరుందండీ. ఏదో పంట రుణం బకాయి చూపిస్తోంది’ అన్నారు. మాస్టారికి నోట మాట రాలేదు. ఆయన పొలం దున్ని ఎన్నేళ్లయింది! సాయంత్రం గజపతినగరం పక్కనున్న సొంతూరికి ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. ‘అది నీ పేరు మీద కూడా పెట్టాం కదరా. మాఫీ అయిపోనాది కదేటి!’ అన్నారు నాన్నగారు.

అక్కడే ఉంది చిక్కు. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర రూపాయల దాకా పంట రుణాల మాఫీ ప్రకటించింది. చిన్న మొత్తాలకు ఒకేసారి, పెద్ద వాటికి విడతలవారీగా. ‘ఎలాగూ మాఫీ అవుతుంది’ అని చాలామంది కట్టడం మానేశారు. ప్రభుత్వం వేసినంత పద్దులో జమ అయ్యింది. మిగిలినదానికి వడ్డీ నడుస్తూనే ఉంది. రైతు దృష్టిలో తీరిపోయిన అప్పు, బ్యాంకు పుస్తకంలో తీరలేదు.

ఎవరీ సిబిల్?

పూర్వం అప్పు పుట్టాలంటే షావుకారు మన ఇంటిపేరు, మన పొలం, మన నాన్న మాట చూసేవాడు. ఇప్పుడా పని చేసేవి క్రెడిట్ సమాచార సంస్థలు. మన దేశంలో మొదటిది 2000లో ఏర్పాటైన సిబిల్. జనం నోట్లో అదే పేరు నిలిచిపోయింది కానీ ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. మొత్తం నాలుగు. వీటి కోసం 2005లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది.

బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు మన అప్పుల వివరాలను వీటికి పంపుతాయి. వాటిని బట్టి 300 నుంచి 900 మధ్య ఒక అంకె వస్తుంది. 750 పైన ఉంటే బ్యాంకులు మర్యాదగా కూర్చోబెడతాయి. తగ్గినకొద్దీ ‘చూద్దాం’ అంటాయి, లేదా వడ్డీ పెంచుతాయి. వడ్డీ ఒక్క శాతం పెరిగితే ఏమవుతుందనుకోకండి. పాతిక లక్షల అప్పు ఇరవై ఏళ్లకు 8.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు సుమారు 21,700 కట్టాలి. అదే 9.5 శాతమైతే 23,300. ఇరవై ఏళ్లలో తేడా 3.85 లక్షలు. ఓ ఆడపిల్ల ఇంజినీరింగ్ చదువు!

అసలు అప్పే చేయనివారికి స్కోరే ఉండదు. అదేమీ నేరం కాదు. మొదటిసారి అప్పు అడిగేవారిని కేవలం పాత చరిత్ర లేదన్న కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది.

‘నెలలో 750 చేస్తాం!’

తిరిగి మాస్టారి దగ్గరికి వద్దాం. బెంగతో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర నిలబడితే, గోడ మీది కాగితం ఆయన్నే పిలిచినట్టనిపించింది. ‘సిబిల్ రిపేరు చేయబడును’. ఫోన్ చేస్తే అవతలి గొంతు చాలా తీయగా ఉంది. 15 వేలు ఫీజు, సగం ముందే ఇవ్వాలి. పాన్ నంబరు చెప్పాలి, ఫోనుకొచ్చే ఓటీపీ కూడా చెప్పాలి. పాత బకాయి ‘తుడిచేస్తారట’!

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా తెలుసుకోవాలి. నిజంగా ఉన్న బకాయిని రిపోర్టులోంచి తీసే శక్తి ఏ ఏజెంటుకూ లేదు. సిబిల్ కూడా తనంతట తాను దిద్దదు. అప్పిచ్చిన బ్యాంకు ‘అవును, ఇది తప్పు’ అనో, ‘ఇది తీరిపోయింది’ అనో చెబితేనే పద్దు మారుతుంది. తప్పుగా పడినదాన్ని దిద్దించుకోవడానికి పైసా ఖర్చు లేదు. మరి ఏజెంటు 15 వేలు దేనికి తీసుకుంటున్నట్టు? మీరే ఉచితంగా పెట్టగల ఫిర్యాదును మీ పేరుతో తాను పెట్టడానికి! అంతకన్నా ప్రమాదం పాన్, ఓటీపీ చేతికివ్వడం. వాటితో మీ పేరున కొత్త అప్పే పుట్టించవచ్చు.

అలాగని డబ్బు తీసుకునే ప్రతివాడూ మోసగాడు కాదు. కాగితాలు చూసి ఉత్తరాలు రాసిపెట్టే ఆడిటరు చేసిన పనికి ఫీజు తీసుకోవడంలో తప్పు లేదు. ‘ఇంత స్కోరు తెప్పిస్తా’ అని ఫలితానికి హామీ ఇచ్చేవారి దగ్గరే చెప్పులు వేసుకుని బయటికొచ్చేయాలి.

నలుగురు పైడిరాజులు!

మొదటి పని రిపోర్టు తీసుకోవడం. 2017 జనవరి నుంచి నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. వాటి సొంత వెబ్‌సైట్లలో పాన్, ఫోన్ నంబరు ఇస్తే చాలు. నాలుగూ తీయండి. ఒకదానిలో లేని తప్పు మరోదానిలో ఉంటుంది.

రిపోర్టు చేతికొచ్చాక స్కోరు చూసి పక్కన పెట్టేయకండి. ఒక్కో అప్పూ మీదేనా కాదా చూసుకోండి. మన జిల్లాల్లో ఇది మరీ ముఖ్యం. ఒకే ఊళ్లో నలుగురు పైడిరాజులు, అరడజను మంది అప్పలనాయుళ్లు ఉండేచోట ఇంటిపేరూ కలిస్తే ఒకరి అప్పు మరొకరి ఖాతాలో కూర్చోవడం వింతేం కాదు. ఎవరికో హామీ సంతకం పెట్టిన అప్పు కూడా మీ రిపోర్టులో కనిపిస్తుంది. అతను కట్టకపోతే దెబ్బ మీకే.

ఇంటి ఆవిడ పేరు కూడా లోనులో కలిపితే ఆవిడ రిపోర్టూ చూస్తారు. డ్వాక్రా సంఘాల అప్పుల్ని సభ్యురాలి వారీగా ఈ సంస్థలకు పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు చెప్పింది. అంతకుముందు 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల ఆగడాలపై రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక లక్షలమంది మహిళలు వాటికి వాయిదాలు కట్టడం ఆపేశారు. ఆ సంస్థలు పెట్టిన బాధలు చిన్నవి కావు, కట్టనివాళ్లను తప్పుపట్టాల్సిన పనీ లేదు. కానీ కంప్యూటరుకు ఆ కథ తెలియదు. దానికి తెలిసింది ‘కట్టలేదు’ అన్న ఒక్క ముక్కే.

ఆ బ్యాంకు ఇప్పుడెక్కడుంది?

మాస్టారి బకాయి గ్రామీణ బ్యాంకుది. నాన్నగారికి గుర్తున్న పేరు ‘శ్రీవిశాఖ గ్రామీణ బ్యాంకు’. అది 2006లోనే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసిపోయింది. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఆంధ్రా బ్యాంకు అప్పయితే 2020 ఏప్రిల్ నుంచి యూనియన్ బ్యాంకుది, సిండికేట్ బ్యాంకుదైతే కెనరాది. బోర్డు మారినా అప్పు మారదు. రిపోర్టులో కొత్త పేరు చూసి ‘ఈ బ్యాంకులో నేనెప్పుడూ అప్పు చేయలేదు’ అనుకునేవారే ఎక్కువ.

మాస్టారు సెలవు పెట్టి పాత బ్రాంచికే వెళ్లారు. లెక్క తీస్తే అసలు, వడ్డీ కలిపి 38 వేలు తేలింది. అక్కడ బేరానికి అవకాశం వచ్చింది. కొంత తగ్గించుకుని ‘సెటిల్‌మెంటు’ చేసుకోవచ్చన్నారు. ఇల్లు కొనేవారు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. సెటిల్ చేసుకుంటే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. ‘పూర్తిగా కట్టలేదు’ అనే దానికి మర్యాదపూర్వకమైన మాట అది. లోక్ అదాలత్‌లో రాజీపడి తగ్గించుకున్నా అంతే. లోక్ అదాలత్ మంచిదే, కోర్టు బాధ తప్పుతుంది. కానీ ఇంటి లోను కావాలనుకుంటే వీలైనంతవరకు మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవడమే మేలు. మాస్టారు మొత్తం కట్టారు. బాకీ లేదన్న సర్టిఫికెట్ అక్కడే కూర్చుని రాయించుకున్నారు.

ఆ తర్వాత నాలుగు సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఫిర్యాదు. 30 రోజుల్లో సరిచేయాలి. అందులో బ్యాంకుకు 21 రోజులు. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున మనకే పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 30 రోజులైనా కదలిక లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి సిబిల్ వంటి సంస్థల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు.

ఇంత తిరగడం తెలియనివారి సంగతేంటి? ప్రతి జిల్లాకూ ఒక లీడ్ బ్యాంకు, దానికో జిల్లా మేనేజరు ఉంటారు. లీడ్ బ్యాంకులు ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు నడుపుతాయి. వాటిలో సలహాకు డబ్బు తీసుకోరు. అప్పులిచ్చే కిటుకులూ, వసూలు చేసే కిటుకులూ తెలిసిన రిటైర్డు బ్యాంకు ఉద్యోగులే చాలాచోట్ల సలహాదారులు. ఈ కేంద్రాలకు గోడ మీద కాగితాలు అంటించే అలవాటు లేదు పాపం, అందుకే ఎవరికీ తెలియవు. బ్యాంకు మరీ మొండికేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, వినియోగదారుల కమిషన్ ఉంది.

అన్నీ చేసినా స్కోరు మర్నాడే ఎగిరి కూర్చోదు. తప్పు దిద్దితే వారాల్లో మారుతుంది. నిజమైన బకాయి మచ్చ మాయాలంటే ఆరు నెలలో, ఏడాదో వాయిదాలు తప్పకుండా కడుతూ రావాలి. ఆలోగా పది బ్యాంకుల్లో దరఖాస్తులు పెట్టకూడదు. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. ఫోన్లో అయిదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలే వెళ్లకూడదు. అందుకే ఈ పనంతా బయానాకు ఏడాది ముందే మొదలుపెట్టాలి. ఇప్పటికే ఫ్లాటు కుదుర్చుకుంటుంటే, లోను రాకపోతే బయానా తిరిగివ్వాలన్న మాట అగ్రిమెంటులో రాయించుకోవాలి.

మాస్టారు అది రాయించుకోలేదు. గడువు ముగియడానికి పన్నెండు రోజుల ముందు ఫ్లాటు యజమాని ఇంటికెళ్లి, బ్యాంకు సర్టిఫికెట్, ఫిర్యాదు రశీదులు ముందుపెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆయన కళ్లజోడు సవరించుకుని కాగితాలన్నీ ఓపిగ్గా చదివారు. ‘సరే మాస్టారూ, సిరిమానోత్సవం దాటేదాకా చూస్తాను. ఆ మాట అగ్రిమెంటు వెనక రాసి ఇద్దరం సంతకాలు పెడదాం’ అన్నారు. మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు.