గుహలలోని పెంకుపురుగులు, వాటి రాతిదారులు

అమెరికా తూర్పుభాగపు గుహలలో సూడనాఫ్తాల్మస్ అను చిన్న పెంకుపురుగులు కలవు. వాటికి కన్నులు లేవు, ఎగురజాలవు. తేమలేని గాలిలో బ్రదుకలేవు గనుక, ఆరుబయట నడచి వేరొక గుహకు చేరుట వాటికి సాధ్యము కాదు. మరి ఎట్లు వ్యాపించును?

వాననీరు నేలలోని బొగ్గుపులుసుగాలిని కలుపుకొని సున్నపురాయిని కొద్దికొద్దిగా కరగించును. పగుళ్ళు వెడల్పగును. మనిషి వేలు దూరని సందు కూడ పురుగునకు రహదారియే. ఇసుకరాయి ఇట్లు కరగదు; అది అడ్డుగోడ.

పడమట కెంటకీ పీఠభూమిలో సున్నపురాతి పొరలు దాదాపు సమతలముగా, మైళ్ళ తరబడి ఎడతెగక పరచుకొనియున్నవి. అచ్చట ఒకే జాతి అనేక గుహలలో కనబడును. తూర్పున అపలేచియన్ లోయలో పొరలు ముడుతలు పడినందున, సున్నపురాయి సన్నని పట్టీలుగా ఇతర రాళ్ళ నడుమ చిక్కుకొన్నది. రాకపోకలు లేనిచోట జన్యువులు కలియవు. తరతరములుగా తేడాలు పేరుకొని వేరువేరు జాతులు ఏర్పడును. థామస్ బార్, జాన్ హోల్సింగర్ 1985లో ఈ భేదమును చర్చించిరి. కాబట్టి పటములో గుహల మధ్య దూరము కొలిచిన చాలదు, నడుమనున్న రాయి ఏదో చూడవలెను.

వీటిలో పెక్కు జాతులు ఒక్కొక్క గుహలో మాత్రమే దొరకినవి. అట్టి గుహను రాతిగని త్రవ్వకములో పోగొట్టుకొన్నచో, ఆ జాతిని తిరిగి నింపుటకు పొరుగు గుహనుండి వచ్చు పురుగులు ఉండవు.