వేసవి ఎండ – విద్యుత్తు తీగ

గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు నల్లరేగడి నేలల నడుమనున్నది. ఊరి పేరులోనే పంట పేరు కలదు. ప్రత్తితోపాటు మిరపయు ఆ ప్రాంతమున విరివిగా పండును. కల్లములపై ఎండిన మిరపకాయలలో అప్పటికి అమ్ముడుపోనివి గుంటూరు పరిసరములలోని శీతల గిడ్డంగులకు చేరును. కాయ రంగు చెడకుండ నుంచుటకు అచట కంప్రెసర్లు పనిచేయుచుండును. వెలుపల ఎండ ముదిరినకొలది వాని శ్రమ పెరుగును. అవి తీసికొను విద్యుత్తును పెరుగును. చిత్రమేమనగా, విద్యుత్తును మోయు తీగకు శక్తి తగ్గునదియు సరిగా ఆ వేళనే.

తీగలో విద్యుత్తు ప్రవహించునపుడు వేడి పుట్టును. ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగునని జూల్ అను శాస్త్రజ్ఞుడు 1841లో తెలిపెను. ఈ వేడి చుట్టునున్న గాలిలోనికి పోవలెను. గాలియే వేడెక్కియున్నచో ఎచటికి పోగలదు? తీగపైనుండు సాధారణ పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకే ఎల్లకాలము ఓర్చుకొనగలదు. ఆపైన మెత్తబడును, నాళ్లు గడచినకొలది పెళుసై పగులును.

ఒక తీగ 30 డిగ్రీల గాలిలో 20 ఆంపియర్లను మోయగలదనుకొందము. అనగా అది తన వేడిచే మరి 40 డిగ్రీలు పెరుగవచ్చును. రేకుల కప్పు క్రింద గాలి 50 డిగ్రీలైనచో మిగిలిన అవకాశము 20 డిగ్రీలే. వేడి సగము కావలెను. ప్రవాహము మాత్రము 14 ఆంపియర్లకు తగ్గిన చాలును. జూల్ చెప్పిన లెక్క యిదియే.

తీగను కాపాడుటకు బ్రేకరు కలదు గదా యని తోచవచ్చును. దానిలోని ద్విలోహపు పట్టీ వేడికి వంగి ప్రవాహమును త్రెంచును. బ్రేకరు కూడ ఎండవేడిమిలో నున్నచో త్వరగానే త్రెంచును. కాని అది చల్లని గదిలో నుండి, తీగ రేకుల క్రింద సాగిపోవుచున్నచో, తీగ పడు బాధ దానికి తెలియదు. 20 ఆంపియర్ల బ్రేకరు నెమ్మదిగా నుండగనే తొడుగు మాడిపోవుచుండును. ప్రత్తి జిన్నింగు మిల్లులలో ఈ ప్రమాదము మరింత ఎక్కువ. ఎగిరిన నూగు తీగలపై పేరుకొని దుప్పటివలె వేడిని పోనీయదు. నిప్పురవ్వ తగిలినచో క్షణములో అంటుకొనును.

వేసవిలో బ్రేకరు మాటిమాటికి పడిపోవుచున్నదని కొందరు పెద్ద బ్రేకరును పెట్టింతురు. మొరిగిన కుక్కను కట్టివేసి తలుపు తీసి పండుకొన్నట్లే యిది. ముందుగా, తీగ సాగు దారిలో మిక్కిలి వేడియైన చోటు నెరుగవలెను. అచట తీగ ఎంత మోయగలదో చూచి, అంతకు మించని బ్రేకరును పెట్టవలెను. అది చాలనిచో తీగనే లావుది వేయవలెను. 50 డిగ్రీల చోట 20 ఆంపియర్లు కావలసినవారు, 30 డిగ్రీల పట్టికలో 28కి మించిన ఆంపియర్లు చూపు తీగను ఎన్నుకొందురు.