సముద్రములోని చేపల నెట్లు లెక్కింతురు?

ఏలూరు జిల్లాలోని ముసునూరు ప్రాంతమున మామిడితోట బేరము జరుగుచుండగా చూచినవారికి ఒక విద్య తెలియును. చెట్లపై కాయ యింకను పిందెగా నుండగనే వ్యాపారి వచ్చును. తోటలోని కాయల నన్నిటిని లెక్కించుట ఎవరి తరమును గాదు. అందుచే ఆయన తోట నాలుగు మూలలు తిరుగును. కాపు కాచిన చెట్టును చూచును, కాయని చెట్టును చూచును. కొన్ని చెట్ల కాయలను మనసులోనే లెక్కపెట్టుకొని, తోటకంతటికి ఇంత యని ధర చెప్పును. బాటప్రక్కన విరగగాచిన చెట్లను మాత్రమే చూచి బేరము కుదుర్చుకొన్నవాడు ఆ యేడు నష్టపోవును. ఈ సంగతి ఎరిగియే కాబోలు, కొందరు రైతులు కొనవచ్చినవానిని మొట్టమొదట ఆ బాటప్రక్క చెట్ల కడకే తీసికొనిపోవుదురు!

ఇప్పుడు ఆ తోట కంటికి కనబడక నీటి అడుగున నున్నదనుకొందము. చెట్లు ఒకచోట నిలువక రేయింబవళ్లు తిరుగుచుండుననుకొందము. వాటిలో వందలకొలది జాతులున్నవనియు, ఒక్కొక్క జాతి ఒక్కొక్క లోతున, ఒక్కొక్క నెలలో చేరుననియు అనుకొందము. అట్టి తోటయే సముద్రము. దాదాపు వేయి కిలోమీటర్ల ఆంధ్రతీరమున ఏ చేప ఎచట, ఎంత లోతున, ఎంత కలదో తెలిసికొనుట యెట్లు? దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయమును మా శ్రోతలకు విన్నవింపదలచితిమి. మామిడితోటల నడుమ నున్న మాకు సముద్రముతో నేమి పని యని ముసునూరు వారడుగవచ్చును. ఆ ప్రశ్నకును చివర సమాధానము చెప్పెదము.

లెక్కించుటకు ముందు పేరు తెలియవలెను. ఈ పనికి మన విశాఖతీరమున చాలకాలము క్రిందటనే మంచి పునాది పడినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1780వ దశకమున విశాఖపట్టణమున నివసించెను. ఆయన అచటి రెండువందల చేపలకు బొమ్మలు గీయించి, వర్ణనలు వ్రాసెను. ఆ గ్రంథము 1803లో లండనులో రెండు సంపుటములుగా వెలువడినది. ఆయన చేసిన ఘనకార్యమేమనగా, జాలరులు చెప్పిన తెలుగు పేర్లను తనకు వినబడినట్లు వ్రాసికొనుట. మన తీరమున కానాగంత యనియు కానగుర్త యనియు పిలువబడు చేపకు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో ఆ పుస్తకమును చూచియే శాస్త్రనామ మిచ్చెను. నేటికిని ఆఫ్రికా తూర్పుతీరము మొదలు ఇండొనీషియా వరకు ఏ శాస్త్రజ్ఞుడైనను ఆ చేపను 'రాస్ట్రెల్లిజర్ కానగుర్త' యనియే వ్రాయవలెను. పేరెరుగని యొక జాలరి నోటిమాట ప్రపంచశాస్త్రములో నిలిచిపోయినది.

పేర్ల తరువాత పరిమాణము. ఇందుకు వాడు సాధనము ట్రాల్ వల. ఇది పెద్ద గరాటు వంటి సంచి. ఓడ దీనిని వెనుక కట్టుకొని సముద్రపు అడుగున ఈడ్చుకొనిపోవును. వలకు ముందు ఇరుప్రక్కల రెండు బరువైన పలకలుండును. ఓడ ముందుకు సాగినపుడు నీటి ఒత్తిడికి అవి యొకదానికొకటి ఎడముగా తొలగి వల నోటిని వెడల్పుగా తెరచియుంచును. నోటి పైత్రాటికి తేలుబుడ్లు, క్రిందిత్రాటికి బరువులు కట్టుదురు. వలకు ఎదురైన చేపలు కొంతసేపు ముందు ఈదియీది, అలసి, వెనుకనున్న సంచిలో చేరును.

మన సముద్రములో ట్రాల్ వలతో పరిశోధించుట క్రొత్తది కాదు. 1908, 1909 సంవత్సరములలో 'గోల్డెన్ క్రౌన్' అను ఆవిరి ఓడ వంగతీరమున వలలాగి చూచినది. 1927, 1928లలో మద్రాసు ప్రభుత్వమువారి 'లేడీ గోషెన్' మన వైపు తీరమును పరిశోధించినది. 1946లో బొంబాయిలో లోతుసముద్రపు చేపలవేట కేంద్రము నెలకొల్పబడినది. అదియే పెరిగి 1983లో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా యైనది. దాని విశాఖపట్టణ స్థావరమునుండి 'మత్స్యశికారి' వంటి ఓడలు ఈ సర్వేలు చేసినవి. 1947లో స్థాపితమైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ తీరములందు దించబడు చేపలను నమూనాగా లెక్కించుచు, వాని జీవితచరిత్రలను పరిశీలించుచున్నది. తొలినాటి ఓడలు 'చేపలెచట దొరకును?' అని వెదకినవి. నేటి ఓడలు 'ఇంకను ఎంత మిగిలినది?' అని కూడ అడుగవలసి వచ్చినది. ప్రశ్న మారిన కొలది లెక్కలోని నిజాయితీకి విలువ పెరిగినది.

ఆ నిజాయితీ యెట్టిదో చూతము. సర్వే ఓడకును వేటపడవకును వల యొక్కటే కావచ్చును గాని నడక వేరు. వేటకు పోవు పడవ చేపలున్న చోటికే పోవును. పోవలెను కూడ, ఇంధనపు ఖర్చు రావలెను గదా! సర్వే ఓడ అట్లు పోరాదు. మొదట సముద్రపు పటముపై గళ్లు గీయుదురు. 50 మీటర్ల లోపలి నీరు, 50 మొదలు 100 వరకు, 100 మొదలు 200 వరకు అని లోతును బట్టి వరుసలుగా విభజింతురు. ప్రతి వరుసలోను కొన్ని గళ్లను చీటీలు వేసి తీసినట్లు ఎన్నుకొందురు. ఆ గడిలో చేపలున్నను లేకున్నను ఓడ అచటికే పోవలెను. ఒకే తీరు వల, ఒకే వేగము, ఒకే కాలపరిమితి పాటింపవలెను. వల పైకి వచ్చినపుడు స్థలము, లోతు, వేళ, లాగిన దూరము వ్రాయవలెను. వల వట్టిగా వచ్చినచో సున్నయని వ్రాయవలెను. ఆ సున్నను సిగ్గుపడి దాచినవాడు సర్వేనే పాడుచేసినవాడగును. కాయని చెట్టును చూడనొల్లని మామిడి వ్యాపారి యెట్టివాడో, వాడును అట్టివాడే.

సంచి విప్పగానే ఓడ బల్లలపై రాశి పడును. కారలు, గొరకలు, జెల్లలు, సావడాలు, టేకులు, రొయ్యలు, పీతలు కలగాపులగముగా నుండును. వాటిని జాతులుగా వేరుచేసి తూచెదరు. రాశి మిక్కిలి పెద్దదైనచో బాగుగా కలిపి కొన్ని తట్టలు మాత్రము ఏరుదురు. పెద్దచేపలు పైన తేలి చిన్నవి అడుగున జారును గనుక, కలపకుండ పైనున్న తట్టెడు తీసికొన్న లెక్క తప్పును. తరువాత ఒక్కొక్క చేప పొడవు కొలిచి, కొన్నిటి పొట్ట కోసి, గ్రుడ్లున్నవో లేవో, ఏమి తిన్నవో చూచెదరు.

ఇక గుణకారము. ఓడ గంటకు మూడు నాటికల్ మైళ్ల చొప్పున ఒక గంట లాగినదనుకొందము. అది సుమారు 5.5 కిలోమీటర్లు. వల నోటి వెడల్పు 18 మీటర్లనుకొన్నచో, ఆ గంటలో ఊడ్చిన నేల చదరపు కిలోమీటరులో ఇంచుమించు పదియవ వంతు. అందులో 100 కిలోల చేపలు పడినచో, చదరపు కిలోమీటరునకు వేయి కిలోల చొప్పునయినది. అదే లోతు వరుసలో వేసిన వలలన్నిటి సగటును తీసి, ఆ వరుస వైశాల్యముచే హెచ్చించినచో ఒక అంచనా వచ్చును. అయితే వలకెదురైన చేపలన్నియు చిక్కవు. సగము తప్పించుకొనునని తేలినచో అంచనాను రెట్టింపు చేయవలెను. ఎంత భాగము తప్పించుకొనునో తెలిసికొనుటయే ఈ విద్యలోకెల్ల కష్టమైన భాగము.

వలకు హద్దులు కూడ కలవు. రాళ్లు నిండిన అడుగున దానిని లాగరాదు, చిరిగిపోవును. కనుక రాతిచేపల సంగతి అది సరిగా చెప్పలేదు. అడుగున ఈడ్చు వల పైనీటిలో గుంపులుగా పరుగెత్తు చేపలను కొద్దిగానే పట్టును. పేరిచ్చి మనకు కీర్తి తెచ్చిన కానగుర్తయే ఈ లెక్కకు సరిగా చిక్కని చేపలలో నొకటి! కాని అడుగునేల నంటియుండు జాతులను గూర్చి ఇది చక్కని పటమునే యిచ్చును. కృష్ణా గోదావరుల ముఖద్వారముల యొద్ద బురదనేల లోతుతక్కువ నీటిలో గొరకలు, కారలు, రొయ్యలు హెచ్చు. లోతునకు పోయిన కొలది అవి తగ్గి, ఎఱ్ఱని నెమిప్టెరస్ జాతి చేపలు వచ్చును. ఒక్క తీరమే, కాని లోతు మారగా ఊరు మారినట్లే జనాభా మారును.

జాలరులు దినదినము పట్టుచునే యున్నారు గదా, వారి పట్టును చూచిన చాలదా యని కొందరనవచ్చును. చాలదనుటకు కెనడా దేశపు న్యూఫౌండ్లండు తీరము గొప్ప సాక్ష్యము. అచట శతాబ్దములుగా కాడ్ అను చేప విస్తారముగా దొరకెడిది. 1980వ దశకమున సర్వే వలలు అంత చేప లేదనుచుండగా, పెద్ద వేటఓడల పట్టు మాత్రము బాగుగనే యుండెను. చేప తగ్గిన కొలది మిగిలినది గుంపులుగా చేరును; ఓడలు యంత్రముల సాయమున ఆ గుంపుల కడకే పోవును. కావున సముద్రము ఖాళీ యగుచున్నను తట్టలు నిండుచునే యుండెను. ప్రభుత్వము నిజము గ్రహించి 1992 జులైలో వేట నిలుపునప్పటికి ఆలస్యమైనది. ముప్పదివేలకు పైగా జనులు బ్రతుకుతెరువు కోల్పోయిరి. బాటప్రక్క చెట్లను చూచి తోట కొన్నవాని కథయే అది.

మన తీరమునను ఈ లెక్కపై మనుష్యుల కూడు ఆధారపడి యున్నది. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. అనేక జాతులు గ్రుడ్లు పెట్టు కాలమని ఈ నియమము చేసిరి. ఏ జాతి ఏ నెలలో గ్రుడ్లతో నుండునో చెప్పునది, నెలనెల వలవేసి పొట్టలు కోసి చూచిన ఆ లెక్కలే. కూలికి పోవలసిన పల్లెకారుడు రెండునెలలు పడవ కట్టివేసి కూర్చుండునపుడు, ఆ తేదీలు సరియైనవని నమ్మకముగా చెప్పగలిగియుండవలెను. లెక్క తప్పైనచో ఆ రెండు నెలల పస్తు వృథా.

మరియొక సంగతి. రంపము వంటి ముట్టె గల పెద్ద రంపపుచేపలు ఒకప్పుడు మన తీరమున వలలకు చిక్కెడివి. ఇప్పుడవి మిక్కిలి అరుదు. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. తాత చూచిన సముద్రము మనుమనికి తెలియదు. తాను చిన్ననాట చూచినదే సహజమని ప్రతి తరమును తలచును. పాతలెక్క వ్రాసి పెట్టినపుడే పోయినదేమో తెలియును. సర్వే వల కూడ చేపలను చంపును, నేలను గీయును. ఆ దోషము లేదనలేము. కాని వేటపడవలన్నియు కలసి యేడాదిలో ఊడ్చునంతతో పోల్చిన నది మిక్కిలి స్వల్పము. అందుకు బదులుగా అది యిచ్చు జ్ఞానము పెద్దది.

ఇక ముసునూరు వారి ప్రశ్న. మరపడవల వలలలో పడు అతి చిన్నచేపలలో కొంతభాగము తినుటకు పనికిరాక పొడియై రొయ్యలమేతలోను, కోళ్లదాణాలోను చేరుచున్నది. అంటే సముద్రపు పిందె రాలిన ఫలము మెట్టప్రాంతపు కోళ్లఫారము వరకు వచ్చుచున్నది. పుల్లమామిడికాయ వేసి వండిన నెత్తళ్ల కూర ఎరిగిన యిల్లాండ్రకు, తోటకును కడలికిని గల చుట్టరికము మేము చెప్పనక్కరలేదు. ముసునూరు తోటలలో బంగినపల్లి కాయలు, రసాలు బండ్లకెక్కు దినములలోనే మచిలీపట్టణపు రేవులో మరపడవలు కట్టివేయబడి యుండును. ఒకచోట పంట దిగుచుండగా మరియొకచోట పిందె నిలువవలెనని కాచుకొనియుందురు. తోట లెక్క తప్పిన ఒక యేటి నష్టము. కడలి లెక్క తప్పిన నష్టము తరములది.