కావలికుక్కకు పెట్టు తిండి చాలుచున్నదా?

మారేడుమిల్లి కొండలలో కుక్క ముద్దుకు పెంచు జంతువు కాదు. పోడు చేనిలో జొన్నకంకి పాలు పట్టినది మొదలు అడవిపందిని, కోతిని అదలించునది అదే. రాత్రివేళ మేకల దొడ్డి చెంత అలికిడి అయినచో ముందుగా మొరుగునది అదే. ఇన్ని పనులు చేయు జంతువునకు మనము పెట్టునది ఏమి? ఉదయము చోడి అంబలి కుండ కడిగిన తేట, సాయంకాలము గంజి, పండుగనాడు నాలుగు ఎముకలు. అది ఆవురావురుమని తినును గనుక తిండి సరిపోయినదని తలచెదము. ఆకలిగొన్న కుక్క ఏది పెట్టినను తినును. తినిన తీరును బట్టి తిండి మంచిచెడ్డలు తెలియవు. కుక్కనే పరీక్షించి తెలిసికొనవలెను. ఇందుకు ఖర్చు లేదు. రెండు చేతులు, రెండు కన్నులు చాలును.

ముందుగా మీ పిడికిలి బిగించి, వ్రేళ్ల కణుపులపై రెండవ చేతితో రాచి చూడుడు. ఎముకలు గట్టిగా, విడివిడిగా తగులును. తరువాత పిడికిలి విప్పి, చేతి వెనుకభాగమును రాచి చూడుడు. పలుచని చర్మము క్రింద ఎముకలు తెలియుచునే యుండును. ఆ పిమ్మట అరచేతిని నొక్కి చూచినచో మెత్తని కండయే తగులును. ఇప్పుడు కుక్క ప్రక్కటెముకలపై చేయి వేయుడు. పిడికిలి కణుపులవలె తగిలినచో కుక్క చిక్కినది. చేతి వెనుకభాగమువలె ఉన్నచో సరిగా ఉన్నది. అరచేతివలె ఉన్నచో కొవ్వెక్కినది. పైనుండి చూచినపుడు నడుము కొంచెము లోనికి పోయి యుండవలెను. ప్రక్కనుండి చూచినపుడు పొట్ట వెనుకకు పోవుకొలది పైకి లేచి యుండవలెను. మన ఊరకుక్కకు వెంట్రుక పొట్టి. చివరి ఒకటి రెండు ప్రక్కటెముకలు లీలగా కనిపించుట లోపము కాదు. పట్టణమునుండి వచ్చినవారు అది చూచి అయ్యో యని జాలిపడుదురు గాని, కొండలెక్కి దిగు కుక్క అట్లు ఉండుటయే మేలు. తుంటి ఎముకలు, వెన్నుపూసలు పొడుచుకొని వచ్చినపుడే కీడు.

తరువాత వెంట్రుకలు చూడుడు. నిగనిగలాడుచు చర్మమునకు అంటియున్నచో తిండిలో కొవ్వు, మాంసకృత్తులు చాలుచున్నవని చెప్పవచ్చును. గరుకుగా ఎండిపోయి, పొట్టు రాలుచున్నచో చాలుట లేదని అనుమానింపవలెను. మలము గట్టిగా, తడిగా, ఎత్తిన విడిపోకుండ ఉండవలెను. సున్నపుగడ్డవలె తెల్లగా పొడియైనచో ఎముకలు మితిమీరినవి. తారువలె నల్లగా ఉన్నచో లోపల రక్తము పోవుచున్నదేమో, పశువైద్యునకు చూపవలెను.

ఒక హెచ్చరిక. చిగుళ్లు గులాబిరంగుకు మారుగా పాలిపోయి యుండుట, ఎంత తిన్నను చిక్కిపోవుట తిండి లోపమువలననే కలుగునని తలపరాదు. కొంకిపురుగులు ప్రేగులలో రక్తము పీల్చినను, పిడుదులవలన జ్వరము సోకినను ఇట్లే అగును. పురుగులమందు వేయించి, పిడుదులు ఏరివేసిన తరువాతనే తిండిని తప్పుపట్టుట న్యాయము.

ఇక అంబలి సంగతి. కుక్క మాంసాహారి గదా, దానికి గింజధాన్యము పనికివచ్చునా యని కొందరు అడుగుదురు. పనికివచ్చును. మనిషి చెంత వేల యేండ్లు బ్రతుకుటచేత కుక్కకు పిండిపదార్థమును అరిగించుకొను శక్తి తోడేలుకంటె హెచ్చుగా వచ్చినదని 2013లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు జన్యువులను పరీక్షించి తెలిపిరి. ఉడికించిన చోడి, బియ్యము, జొన్న దానికి చక్కగా అరుగును. చిక్కు అరుగుదలలో లేదు, ఆ గింజలలో లేనిదానిలో ఉన్నది. పెరిగిన కుక్కకు తడి తీసివేసి లెక్కించిన తిండిలో నూటికి 18 పాళ్లైనను మాంసకృత్తులు ఉండవలెను. చోడిలో, బియ్యములో ఉండునవి 7, 8 పాళ్లు మాత్రమే. పైగా కుండ కడిగిన తేటలో నీరే అధికము. కడుపు నిండును, కండ నిండదు.

జొన్నతినువారు మరియొక సంగతి గూడ ఎరుగవలెను. కుక్కకు నాలుక, నోరు పుండ్లు పడి, నాలుక కమిలి నల్లబడి, నోట దుర్వాసనతో చొంగ కారి, రక్తవిరేచనములతో చనిపోవు వ్యాధి యొకటి గలదు. దీనిని నల్లనాలుక వ్యాధి యందురు. మొక్కజొన్నయే ప్రధానాహారముగా గల అమెరికా దక్షిణ ప్రాంతములలో ఇది విరివిగా ఉండెడిది. అచటి బీదలకు పెల్లాగ్రా యను చర్మవ్యాధి వచ్చెడిది. నికొటినిక్ ఆమ్లము, అనగా నియాసిన్ అను విటమిను, ఇచ్చినచో కుక్కలకీ వ్యాధి కుదురునని 1937లో ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఒకే లోపము మనిషిలో ఒక రూపమున, కుక్కలో మరియొక రూపమున బయటపడుచున్నదని తేలినది.

మన దేశములో జొన్న తిను తెలంగాణ పేదలలో గూడ పెల్లాగ్రా కనిపించెను. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు దీని కారణమును వెదకిరి. జొన్నతో కూడిన తిండి పెట్టిన కుక్కలకు నల్లనాలుక వ్యాధి కలిగినదని 1965లో ప్రకటించిరి. జొన్నలో ల్యూసిన్ అను పదార్థము అధికముగా ఉండుటయే కారణమని వారి అభిప్రాయము. ఆ వివరణపై తరువాత శాస్త్రజ్ఞులలో వాదములు జరిగినవి. మనకు కావలసినది ఇంతే: ఒక్క జొన్నగంజిపై కుక్కను పోషింపరాదు. ఇంటిల్లిపాది తినునదియు ఆ గంజియే యైనచో, కుక్క నోటిలోని పుండు ఇంటివారికి గూడ ఒక కబురే యని ఎంచి, వైద్యునితో చెప్పవలెను.

లోటు తీర్చుట ఎట్లు? సుమారు 15 కిలోల బరువుగల, పనిచేయు కుక్కకు రోజునకు చోడిపిండి 150 గ్రాములు, మెత్తగా ఉడికించి నలిపిన ఉలవలు 50 గ్రాములు (నానబెట్టక ముందు తూచినవి), నానబెట్టి ఉప్పు పోవునట్లు కడిగిన ఎండుచేప 30 గ్రాములు, ఒక గ్రుడ్డు, ఒక పెద్ద చెంచా నూనె కలిపి జావవలె గాక ముద్దవలె వండి, రెండు పూటలుగా పెట్టిన చాలును. గ్రుడ్డు ముందుగా ఇంటి బిడ్డకు. అందులో సందేహము లేదు. గ్రుడ్డు లేనినాడు ఎండుచేప కొంచెము హెచ్చింపుడు. సంతలో పెద్దచేపకు ధర ఎక్కువైనచో చిన్నచేపలు, చేపతలలు తెచ్చుకొనవచ్చును. ఎండుచేప సంచి అడుగున మిగిలిన పొట్టుసైతము వ్యర్థము కాదు, ఇసుక లేకుండ చూచుకొనిన చాలును.

వీటితోపాటు బలమైనది మేక కార్జము. మాంసకృత్తులు, నియాసిన్ అందులో పుష్కలముగా ఉన్నవి. కాని ఇచటనే మనవారు తరచుగా పొరపడుచున్నారు. పండుగకో, పెండ్లికో మేకను, పందిని కోసినపుడు కార్జములో, ఊపిరితిత్తులలో నీటితిత్తులు కనిపించినచో, ఇది మనము తినరాదని కోసి కుక్కకు విసరివేయుదురు. ఆ తిత్తిలో బద్దెపురుగు పిల్లలు వందలు, వేలుగా ఉండును. కుక్క ప్రేగులలో చేరి అవి కొలది వారములలో పెద్దవై గ్రుడ్లు పెట్టును. పురుగు మిక్కిలి చిన్నది గనుక మలములో కంటికి కనబడదు, కుక్కయు జబ్బుపడదు. గ్రుడ్లు మలముతో బయటపడి గడ్డికి, నీటికి, కుక్క వెంట్రుకలకు అంటును. మేక మేసినచో దాని కార్జములో మరల తిత్తి. కుక్కతో ఆడిన బిడ్డ చేయి కడుగక నోట పెట్టుకొనినచో ఆ బిడ్డ కార్జములోనే తిత్తి. అది ఏండ్ల తరబడి నొప్పిలేకుండ పెరిగి, తుదకు శస్త్రచికిత్స చేసిగాని తీయరాని స్థితికి వచ్చును. దీనినే హైడాటిడ్ వ్యాధి యందురు.

మేకతల సంగతియు ఇట్టిదే. మేక ఒకే వైపునకు గిరగిర తిరిగి, తల వాల్చి చచ్చినచో దాని మెదడులో తిత్తి యుండవచ్చును. ఆ మెదడును కుక్క పచ్చిగా తినినచో ఆ జాతి పురుగు కుక్కలో పెరిగి, మందలోని తక్కిన మేకలకు గ్రుడ్లు పంచును. మంద కాయుటకు పెంచిన కుక్కయే మందను చెరచును.

కావున తిత్తులున్న కార్జము, ఊపిరితిత్తులు, మెదడు కాల్చివేయవలెను, లేదా కుక్క త్రవ్వలేనంత లోతున పాతిపెట్టవలెను. తిత్తి లేనిదైనను పచ్చిది వేయరాదు. చిన్న తిత్తి కంటికి తప్పిపోవును. చిన్నముక్కలుగా కోసి, నీరు మరగనారంభించిన తరువాత అరగంట ఉడికించినచో పురుగు చచ్చును, బలము నిలుచును. నిప్పులపై పైపైన కాల్చినది చాలదు. ఇదివరకే పచ్చిది తినుటకు మరగిన కుక్కకు ప్రాజిక్వాంటెల్ అను మందు బరువును బట్టి వేయింపవలెను. మామూలుగా వేయు పురుగులమందులన్నియు ఈ పురుగునకు పనిచేయవు గనుక మందు పేరు చెప్పి అడుగుడు. పచ్చికార్జము తినుట ఆగనంతవరకు ఆరువారములకొకసారి వేయించుట అవసరము. గ్రామోద్యోగులు జాతరకు ముందే మేకలు కోయు తావునకు ప్రక్కన గొయ్యి త్రవ్వించి, మూత ఏర్పాటు చేసినచో ఊరంతటికి ఉపకారము. ఒక్క ఇంటివాడు జాగ్రత్తపడిన చాలదు, కుక్కలు ఇంటిగుర్తు చూచి తినవు.

చింతూరు ఘాటురోడ్డు వెంబడి బొంగు చికెన్ అంగళ్లు వచ్చినది మొదలు రోడ్డుప్రక్క కుక్కలకు క్రొత్త తిండి అలవడినది. కాలిన కోడి ఎముక పెళుసై, సూదివలె చీలి, గొంతులో, ప్రేగులో గ్రుచ్చుకొనును. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమును విరుచును. యాత్రికులు విసరు చాక్లెట్టు, ఎండుద్రాక్ష విషములు. జీలుగుకల్లు నవ్వులాటకైనను పోయరాదు. అంగడివారు ఎముకలకు మూతగల డబ్బా ఉంచవలెను.

పాలిచ్చు కుక్కకు, పిల్లలకు పైన చెప్పిన కొలతలు చాలవు. వాటి తిండిలో మాంసకృత్తులు నూటికి 22 పాళ్లకు మించి ఉండవలెను. పాలిచ్చునది మామూలుకంటె రెండు మూడింతలు తినును. పిల్లలకు ఒక్క మాంసమే పెట్టుటయు తప్పే. మాంసములో సున్నము బహుతక్కువ గనుక కాళ్లు వంకరపోవును. కుక్క చర్మము మనవలె ఎండనుండి డి విటమినును చాలినంత తయారుచేసికొనలేదు, కావున పిల్లను ఎండలో కట్టివేసిన లాభము లేదు. చిన్నచేపలను ముల్లు మెత్తబడువరకు ఉడికించి నలిపి పెట్టినచో సున్నము, డి విటమిను రెండును అందును.

తిండిని ఒక్కదినమున మార్చరాదు, విరేచనములు పట్టును. వారముదినములలో పాతది తగ్గించుచు క్రొత్తది హెచ్చింపవలెను. కుక్కను ఎత్తుకొని కాటాపై నిలిచి, పిమ్మట ఒక్కరే నిలిచి తూచినచో తేడాయే దాని బరువు. గోడపై బొగ్గుతో తేదీ, బరువు వ్రాసి, నెల గడిచిన పిమ్మట మరల తూచి, ప్రక్కటెముకలపై చేయి వేసి చూడుడు.