ఎనిమిదో తరగతి, వయసు 41

మా మేనల్లుడు గంభీరావుపేటలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మొన్న మంగళవారం రాత్రి వాడి చేతిలోని ఫోన్ తీసుకుని, సెట్టింగ్స్‌లోకి పోయి, గూగుల్ ఖాతాలో వ్యక్తిగత సమాచారం అన్నచోట నొక్కాను. పుట్టిన తేది 1984 జనవరి 1 అని ఉంది. ఫోన్ లెక్కన వాడికి 41 ఏళ్లు. మనిషికేమో ఇంకా నూనూగు మీసం కూడా రాలేదు.

ఆ తేది వాళ్ల నాన్నది. ఆ మాటకొస్తే బావది కూడా కాదు. దుబాయి పోయే ముందు పాస్‌పోర్టు కాగితాల్లో ఏజెంటు వేయించిన తేది అది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పక్క గల్ఫ్ పోయినవాళ్ల పాస్‌పోర్టులన్నీ ఒకచోట కుప్పపోస్తే, జనవరి ఒకటిన పుట్టినవాళ్లతో ఒక బస్సు నిండుతుంది. వాళ్ల తల్లులనడిగితే మాత్రం చెరువు తెగిన ఏడు అనో, మక్కలు విరిచేటప్పుడు అనో చెప్తారు. బావ పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు ఈ ఫోన్ తెచ్చి, తన పేరు మీదే ఖాతా తెరిచి, అక్క చేతిలో పెట్టి వెళ్లాడు. అక్క దానితో చేసే పని ఒక్కటే. రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే అక్కడ ఏడింటికి, బావ డ్యూటీ దిగి చేసే వీడియో కాల్ ఎత్తుతుంది. బడి విడిచింది మొదలు మిగతా పొద్దంతా ఫోన్ అల్లుడిదే.

నేను ఆ ఊరు పోయింది ఈ తేది కోసం కాదు. సోమవారం పొద్దున మా ఎడిటర్ గారు ఫోన్ చేసి, "పెద్దలకు మాత్రమే అని ముద్ర ఉన్న వీడియో గేములు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్ని ఆడనివ్వొచ్చా లేదా, తేల్చేయండి. గురువారం సాయంత్రం ఏడుకల్లా పేజీలు వెళ్లిపోవాలి" అన్నారు. ముఖచిత్రం అప్పటికే గీయించారట. ఫోన్‌లోంచి నెత్తురు కారుతూ ఉంటుందట. తేల్చాల్సింది నేనైతే నెత్తురు ముందే ఎందుకు కారిందని అడగబుద్ధయింది. అడగలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ తగవులో నేను మధ్యవర్తిని కాను, పాత ముద్దాయిని. పద్నాలుగేళ్లప్పుడు సిరిసిల్లలో ఒక నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి 'జీటీఏ వైస్ సిటీ' ఆడినవాణ్ణి. 2002లో వచ్చిన ఆ గేము డబ్బా మీద అమెరికాలో 'ఎం' అనే అక్షరం ఉంటుంది. పదిహేడు నిండినవాళ్లకని దాని అర్థం. మేం డబ్బా మొహమే చూడలేదు, మాకు దొరికింది కాపీ సీడీ. లెక్కల నోట్‌బుక్ చివరి పేజీ నిండా చీట్ కోడ్‌లే. 'పాంజర్' అని కొడితే కళ్లముందు యుద్ధ ట్యాంకు దిగేది. 'ఆస్పిరిన్' అని కొడితే పోయిన ప్రాణం మళ్లీ నిండేది. అయితే ఆ మందుబిళ్ల స్పెల్లింగుకు చివర ఇంకో 'ఈ' తగిలించాలి. ఇప్పటికీ మందుల షాపులో ఆ 'ఈ' లేని డబ్బా చూస్తే అచ్చుతప్పులాగే కనిపిస్తుంది నాకు. ఆ గేములో ఎన్ని కార్లు గుంజుకున్నానో లెక్కలేదు. బయట ఒక్క సైకిల్ కూడా గుంజుకోలేదు. కాకపోతే ఆ పదిహేను రూపాయలు అమ్మ బీడీల పైసల డబ్బాలోంచి వచ్చేవి.

మంగళవారం సాయంత్రానికి వద్దాం. అక్క గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూల జర్దా, దారపు ఉండ. మాట్లాడుతూనే ఉంటుంది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. అల్లుడు గోడకానుకుని కాళ్లు చాపుకున్నాడు. వాడి ఇయర్‌ఫోన్‌లలో ఒకటి లాక్కుని నా చెవిలో పెట్టుకున్నాను.

గేము పేరు బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. ఊళ్లో దాన్ని పబ్జీ అనే అంటారు. వందమంది విమానంలోంచి ఒక దీవి మీదకు దూకుతారు. తుపాకులు, మందులు ఏరుకుంటారు. చుట్టూ నీలి గీత బిగుసుకుంటూ వస్తుంటే ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలిన జట్టుదే గెలుపు. మావాడు పోచింకి అనే ఊళ్లో దిగాడు. నర్మాల డ్యాం దారిలో తప్పిపోతాడేమో గానీ, పోచింకిలో ఏ ఇంటికి వెనక తలుపుందో వాడికి కంఠతా వచ్చు. తూటా తగిలినవాడి ఒంట్లోంచి పచ్చటి రంగు చిమ్మింది. 2021లో మన దేశం కోసం పేరు మార్చి తెచ్చినప్పుడు నెత్తురును పచ్చగా చేశారు, చంపడం అనే మాట తీసి 'ఫినిష్' పెట్టారు. "ఒగన్ని ఫినిష్ చేసిన మామా" అన్నాడు అల్లుడు. కంచంలో అన్నం ఫినిష్ చేసినట్టే చెప్పాడు.

నెత్తురు సంగతి అంతే. నన్ను ఆపింది చెవిలో వినపడ్డ గొంతు.

జట్టులో నలుగురు. వీడు, వీడి క్లాసు పిల్లాడు, హిందీలో మాట్లాడే ఇంకో పిల్లాడు. నాలుగోది పెద్దమనిషి గొంతు, ముప్పై ఏళ్లకు తక్కువ ఉండవు. మాటకు ముందొక బూతు, వెనకొక బూతు. నడుమ ఒకసారి మంచిగా, "ఏ ఊరు బచ్చా నీది?" అని హిందీలో అడిగాడు. మావాడు మైక్‌లో "సిరిసిల్ల" అని చెప్పేశాడు.

"ఎవర్రా అది?"

"తెల్వది మామా. ర్యాండమ్."

రెండు గజాల అవతల అక్క బీడీ చుడుతోంది. ఆ మనిషి గడప తొక్కి వచ్చి ఆ మాటలే మాట్లాడితే చీపురు తిరగేసేది. చెవిలోంచి వచ్చాడు గనక ఆమెకు తెలియలేదు.

"గీ ఆట ఆడనియ్యొచ్చానక్కా?" అని అడిగాను. వేళ్లు ఆపకుండానే చెప్పింది. "ఫోనుంటే ఇంట్లనే ఉంటడు తమ్మీ. లేకుంటే పోరలందరు గల్సి డ్యాంకు ఈతకు వోతరు. వాడు వచ్చేదాంక నాకు పానం పానంల ఉండది. ఏది నయమో నువ్వే చెప్పు." నర్మాల దగ్గరి ఎగువ మానేరు డ్యాం నిండితే అక్కడ నీళ్లు ఎంత అందంగా ఉంటాయో, ఈత రాని పిల్లలకు అంత ప్రమాదం. ఆమె ముందున్నది ఆడనివ్వాలా వద్దా అన్న ఎడిటర్ గారి ప్రశ్న కాదు, నీళ్లా ఫోనా అన్నది. జవాబు చెప్పలేక నేను ఫోన్‌లోకి చూశాను.

అప్పుడే ఎనిమిదిన్నర కాల్ వచ్చింది. తెర మీద బావ ఫోటో పడింది. అల్లుడి బొటనవేలు కన్ను మూసి తెరిచేలోపు కాల్ కట్ చేసింది.

"ఎవలు రా?" అంది అక్క.

"కంపెనీ కాల్ అమ్మా."

ఎడిటర్ గారి ముఖచిత్రం వేయాల్సింది ఇక్కడ. నెత్తురు అక్కరలేదు, ఒక బొటనవేలు చాలు. అయితే పిల్లాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈ ఆటను మధ్యలో ఆపలేం. ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంట నడుస్తుంది. వీడు లేచిపోతే జట్టులో మిగతా ముగ్గురూ మునుగుతారు. "ఇప్పుడే పెట్టెయ్" అని గుంజుకోవడానికి, "ఈ మ్యాచ్ అయినంక పెట్టెయ్" అనడానికి ఎంత తేడా ఉందో ఒక్కసారి పక్కన కూర్చుని చూసిన తల్లికి తెలిసిపోతుంది. మ్యాచ్ అయ్యాక అల్లుడే నాన్నకు కాల్ చేశాడు, అదీ నిజమే.

ఇక ముద్ర సంగతి. ప్లే స్టోర్‌లో ప్రతి గేము పేజీలో 3, 7, 12, 16, 18 అంకెల్లో ఏదో ఒకటి, పక్కన కూడిక గుర్తుతో కనిపిస్తుంది. సినిమాకు సెన్సార్ బోర్డు వాళ్లు హాల్లో కూర్చుని చూసి సర్టిఫికెట్ ఇస్తారు. గేములకు మన దేశంలో అలాంటి బోర్డు లేదు. గేము చేసిన కంపెనీయే ఒక ప్రశ్నల పత్రం నింపుతుంది. హింస ఉందా, నెత్తురు కనిపిస్తుందా, బూతులున్నాయా, మత్తు పదార్థాలు, జూదం... టిక్కులు పెట్టగానే అంకె దానంతటదే పడుతుంది. ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి పద్ధతి ఇది, ప్లే స్టోర్ 2015లో తీసుకుంది. ఒకే పత్రానికి అమెరికాలో ఒక ముద్ర, జర్మనీలో మరొకటి పడొచ్చు. ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారన్నది, లోపల డబ్బు పెట్టి కొనే సరుకులున్నాయన్నది పక్కన చిన్న అక్షరాల్లో రాస్తారు గానీ, మామూలుగా వాటివల్ల వయసు అంకె కదలదు. అంటే ఆ అంకె తూచేది నెత్తురును. ఆ రాత్రి నా చెవిలో పడ్డ గొంతు ఆ తూకానికి అందదు.

పోనీ, నెత్తురు చూసిన పిల్లలు నెత్తురు చిందిస్తారా? 2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ప్షిబిల్స్కీ బృందం 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు 1,004 మందిని, వాళ్ల పెద్దల్నీ అడిగి చూసింది. గేము హింసాత్మకమా కాదా అన్నది పిల్లల మాట మీద వదలకుండా ఈ ముద్రల్నే కొలతగా తీసుకుంది. ఆ ఆటలకూ పిల్లల దూకుడుకూ సంబంధం కనపడలేదు. అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం మాత్రం అరవడం, తోసెయ్యడం లాంటివాటితో చిన్నపాటి సంబంధం ఉందనీ, హత్యలకూ కాల్పులకూ గేములే కారణమనడానికి ఆధారం చాలదనీ 2020లో చెప్పింది. నాకు ఈ రెండోది నమ్మబుద్ధవుతుంది. మా ఇళ్లలో అరుపులకు కొదవేమీ లేదు.

చరిత్ర రాయమని కూడా ఆదేశం, చోటు చూస్తే ఒక్క పేరాకే ఉంది, కాబట్టి ఊపిరి బిగబట్టండి. 1993లో అమెరికా సెనేట్‌లో 'మోర్టల్ కాంబాట్' గేములోని నెత్తురు మీద రభస, 1994లో అక్కడే ఈఎస్‌ఆర్‌బీ వయసు ముద్రలు, 2003లో యూరప్‌కు పెగి ముద్రలు. హింసాత్మక గేములు మైనర్లకు అమ్మొద్దన్న కాలిఫోర్నియా చట్టాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతున్న కాలేజీ కుర్రాళ్లను అరెస్టు కూడా చేశారు. చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ గేమ్ అని గీత గీసింది. గేమింగ్ డిజార్డర్‌ను రోగాల పట్టికలో చేర్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 2022లో అమల్లోకి వచ్చింది. హమ్మయ్య.

పెట్టె కథ: బంద్, చాలూ, బంద్

2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, పబ్జీ మొబైల్ వాటిలో ఒకటి. కారణం పిల్లల చదువు కాదు, దేశ భద్రత. 2021 జూలైలో అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్‌గా వచ్చింది. 18 నిండనివాళ్లు తల్లిదండ్రుల నంబర్ ఇవ్వాలి, రోజుకు మూడు గంటలే ఆడాలి అన్నారు. 2022 జూలైలో మళ్లీ బంద్, 2023 మేలో మళ్లీ చాలూ. ఇలాంటిదే ఇంకో ఆట ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరి 14న 54 యాప్‌ల జాబితాలో పోయింది, దాని తోడబుట్టిన ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం నిలిచింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పందెం కాసే ఆటల్ని నిషేధించింది. అల్లుడు ఆడేది ఆ కోవలోకి రాదు.

పందెం లేకపోతే డబ్బు పోదనుకోవడానికి లేదు. 2022 జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేటలో బయటపడ్డ సంగతి గుర్తుండే ఉంటుంది. పదహారేళ్ల పిల్లాడు ఫ్రీ ఫైర్‌ను మొదట తాతయ్య ఫోన్‌లో వేసుకున్నాడు. మొదట పదిహేను వందలు, తర్వాత పది వేలు. ఆఖరికి తల్లి ఖాతాల్లోంచి 36 లక్షలు పోయాయి. ఆమె బ్యాంకుకు వెళ్లి అడిగేదాకా తెలియలేదు. ఇక్కడా ఫోన్ ఒకరిది, ఖాతా ఇంకొకరిది, వేలు మరొకరిది. ఆ ఊబిలో దిగిన పిల్లాడి ఆట ఎన్ని ప్లస్‌ల ఆట అన్నది నాకు పెద్ద విషయంగా కనపడదు.

ఎడిటర్ గారు తేల్చమన్నారు కదా, నాకు తేలింది చెప్తాను. జీటీఏ జాతి ఆటలు పదమూడేళ్లవాడికి వద్దు. 2013లో వచ్చిన జీటీఏ అయిదులో ఒక మనిషిని కుర్చీకి కట్టి చిత్రహింస పెట్టే ఘట్టం ఉంది. ఆ పనులు ఆటగాడి చేతే చేయిస్తారు. నేను ఆడినప్పుడు నాకు ముప్పై దాటాయి, అయినా ఫోన్ చేసే వంకతో లేచి బయటికి పోయాను. ఇక ఈ పచ్చ నెత్తురు ఆటంటారా, మైక్ తీసేసి, పేమెంట్ యాప్ లేని ఫోన్‌లో, నలుగురూ తిరిగే గదిలో ఆడుకుంటే నాకు అభ్యంతరం లేదు. మా ఆవిడకు ఉంది. ఇంట్లో ఈ తీర్పు ఇంకా పెండింగ్.

పెట్టె కథ: దుబాయి నుంచి తాళం

గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే యాప్‌తో తండ్రి ఎక్కడున్నా పిల్లవాడి ఫోన్‌లో ఏ యాప్ దిగాలో ఒప్పుకోవచ్చు, రాత్రి వేళకు తాళం వెయ్యొచ్చు. బావ మంచం మీద పడుకునే ఆ పని చెయ్యగలడు. అయితే పిల్లవాడికి సొంత ఖాతా, సొంత పుట్టిన తేది ఉండాలి. ఆట మానిపించబోతే పిల్లలు అన్నం, నిద్ర మానేసేదాకా వచ్చిందంటే మాత్రం 14416కు, అంటే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

బుధవారం పొద్దున బస్సెక్కే ముందు అల్లుడికి కొత్త ఖాతా తెరుద్దామని కూర్చున్నాం. బావ లైన్లోనే ఉన్నాడు. "నా తేది తీస్తే కాల్ పోతదా?" అని ఆయన బెంగ. పోదని రెండుసార్లు చెప్పాను. పుట్టిన తేది ఎంతని అడిగితే అక్క చాట పక్కకు జరిపి, తేది, వారం, పొద్దున ఎన్ని గంటలకో కూడా చెప్పింది. బీరువాలోంచి సిరిసిల్ల ఆస్పత్రి కాగితం తీసి చూశాం. ఒక్క అంకె తేడా లేదు. గేము మొదటిసారి తెరిచినప్పుడు పద్దెనిమిది నిండినయా అని అడిగితే, నిండినయని ఒత్తిన సంగతి కూడా అల్లుడు అప్పుడే ఒప్పుకున్నాడు.

తేది ఎక్కించాం. వాడు కాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"మామా, నాకు పద్దెనిమిది నిండాల్నంటే ఇంక నాలుగేండ్ల మీద మూడు నెల్లు."

"అవును."

"గప్పటిదాంక గేమ్ ఉంటదా? మల్ల బంద్ వెడ్తరా?"